జోన్స్‌బరోలో చెవుల లెక్క

షార్లెట్ నుంచి మూడు గంటల పైచిలుకు డ్రైవింగ్. ఆష్‌విల్ దాటాక కొండల మీద పొగమంచు. "గుడి లేదు, జలపాతం లేదు, ఇదేం యాత్రే?" అని అక్క దారంతా అడుగుతూనే ఉంది. టెన్నెసీలోని అతి పాత ఊరు జోన్స్‌బరోకి, పాత కొట్లాట కేసులు చూడ్డానికి వెళ్తున్నాం మరి. వారాంతంలో ఆర్కైవ్స్ తీయరు కాబట్టి శుక్రవారం సెలవు పెట్టాను.

1778లో వాషింగ్టన్ కౌంటీ కోర్టు మొదలైంది. అప్పుడిది నార్త్ కరోలినాలో భాగం. కోర్టు గుమస్తా జాన్ సెవియర్, తర్వాత టెన్నెసీ మొదటి గవర్నర్ అయినాయన. ఏడాదికి నాలుగుసార్లు కూర్చునేవారు. తీర్పు చెప్పేది లా చదివినవాళ్లు కాదు, ఊళ్లో భూమి, పలుకుబడి ఉన్న పెద్దలు. రోడ్లు, వీలునామాలు, అనాథ పిల్లల సంరక్షణ, కొట్లాటలు అన్నీ వాళ్ల ముందుకే. 'అసాల్ట్ అండ్ బ్యాటరీ' (కొట్టడానికి మీదికెళ్లి కొట్టడం) కేసు గ్రాండ్ జ్యూరీ, అంటే కేసు నడపాలా వద్దా తేల్చే పౌరుల బృందం, ఒప్పుకుంటేనే ముందుకు సాగేది. చాలామంది తప్పు ఒప్పుకుని, చిన్న జరిమానా కట్టి ఇంటికి పోయేవారు.

మైక్రోఫిల్మ్ తెర మీద ఆ చేతిరాత చదవడం కష్టమే. పొడుగ్గా సాగిన 'ఎస్' అచ్చం 'ఎఫ్'లా ఉంటుంది. గంటసేపు చూస్తే గానీ కన్ను అలవాటు పడలేదు.

నన్ను పట్టేసింది చెవుల సంగతి. ఆ కాలపు కొట్లాటల్లో కళ్లు పీకడం, చెవులు కొరకడం మామూలే. కొన్ని నేరాలకు కోర్టు వేసే శిక్ష కూడా చెవి కోయడమే! అందుకే దెబ్బలాటలో చెవి పోయినవాడు కోర్టుకొచ్చి, 'ఇది ఫలానావాడు కొరికింది, శిక్ష కాదు' అని రాయించుకునేవాడు. ఎవరి పశువుకు చెవి మీద ఏ గాటు పెట్టారో నమోదయ్యేది కూడా కౌంటీ కోర్టులోనే. పోయిన చెవి కన్నా పరువు కోసం అంత దూరం గుర్రమెక్కి వచ్చిన మనిషిని తలుచుకుంటే నాకు మనసు బరువెక్కింది.

మధ్యాహ్నం చెస్టర్ ఇన్ మ్యూజియం చూశాం. 1797 నాటి సత్రం. చిన్నదే, కానీ ఊరి కథ బాగా పెట్టారు, తప్పక చూడండి. జాన్సన్ సిటీలోని టిప్టన్-హేన్స్ ఇంటికి కూడా గంట కేటాయించండి. 1784 నుంచి ఇక్కడివాళ్లు 'ఫ్రాంక్లిన్' అని వేరే రాష్ట్రం పెట్టుకున్నారు. దాంతో ఒకే కౌంటీలో ఫ్రాంక్లిన్‌దొకటి, నార్త్ కరోలినాదొకటి రెండు కోర్టులు, ఒకరి రికార్డులు మరొకరు ఎత్తుకుపోవడం. 1788లో ఫ్రాంక్లిన్ వైపున్న సెవియర్ మనుషులు, నార్త్ కరోలినా వైపున్న జాన్ టిప్టన్ మనుషులు ఈ టిప్టన్ పొలంలోనే కాల్పులు జరుపుకున్నారు. ఎలిజబెత్‌టన్‌లోని సికమోర్ షోల్స్ కోట నమూనా పిల్లలుంటే సరదా, కోర్టుల కోసం వెళ్లేవాళ్లు వదిలేయొచ్చు.

బస విషయంలో మేం పొరబడ్డాం. పాత ఇంటి గది ముచ్చటపడి తీసుకుంటే హీటర్ పనిచేయలేదు, రాత్రి ఫోన్ ఎత్తే దిక్కు లేదు. రెండో రాత్రి జాన్సన్ సిటీలో మామూలు హోటల్‌కి మారాం, హాయిగా నిద్రపట్టింది. శాకాహారులు పులిహోర కట్టుకెళ్లండి.

ఒక్కటి మాత్రం మనసులోంచి పోవట్లేదు. బానిసలకు తెల్లవాళ్ల మీద సాక్ష్యం చెప్పే హక్కే లేదు. వాళ్లు తిన్న దెబ్బలు ఈ పుస్తకాల్లోకి ఎక్కడం ఎంత కష్టమో! నార్త్ కరోలినాలో లిడియా అనే బానిస స్త్రీని, ఆమెను అద్దెకు తెచ్చుకున్న జాన్ మాన్ కాల్చాడు. జ్యూరీ అతన్ని దోషి అంది. 1829 నాటి ఆ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు, యజమాని అధికారానికి హద్దు ఉండకూడదంటూ ఆ శిక్ష కొట్టేసింది. జ్యూరీ కూర్చున్న చోవన్ కౌంటీ కోర్టు భవనం 1767లో కట్టింది, ఈడెన్‌టన్‌లో ఇంకా నిలబడే ఉంది. వచ్చే సెలవులకు అక్కడికే. ఈసారి అక్కే తేదీ చూడమంది.