అడిడాస్ మేలా, ప్యూమా మేలా? ఒకే ఇంట్లో పుట్టిన రెండు షూ కంపెనీల లెక్క

ఈ రెండింట్లో ఏది బెటర్ అంటే చాలామంది తమ కాళ్లకి ఉన్న జత చూసుకుని చెప్పేస్తారు. నేను అడిగేది షూ గురించి కాదు, కంపెనీ గురించి. ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరు, ఒకే ఊళ్లో, ఒకే పని మీద పెట్టిన రెండు కంపెనీలు ఇవి, ఒకదానికొకటి కూతవేటు దూరంలో ఉంటాయి, అయినా 2024లో అడిడాస్ అమ్మకాలు దాదాపు 2,370 కోట్ల యూరోలు, ప్యూమావి 880 కోట్లు. అంటే రెండున్నర రెట్ల పైనే తేడా. ఇది ఎలా జరిగింది అన్నది చాన్నాళ్లుగా నా బుర్రలో తిరుగుతోంది, చదివే కొద్దీ నాకు ఒక సమాధానం గట్టిగా కుదిరింది, అదే ఇక్కడ రాస్తున్నా. నా ఓటు అడిడాస్‌కే, కానీ మామూలుగా చెప్పే కారణానికి కాదు.

జర్మనీలో బవేరియా ప్రాంతంలో హెర్జోగెనౌరాక్ అని చిన్న ఊరు. అక్కడ అమ్మ బట్టలుతికే గదిలో తమ్ముడు అడాల్ఫ్ డాస్లర్ (అందరికీ అడి) బూట్లు కుట్టడం మొదలుపెట్టాడు, తర్వాత అన్న రుడాల్ఫ్ (రూడీ) వచ్చి కలిశాడు, 1924లో ఇద్దరి పేరు మీద ఫ్యాక్టరీ రిజిస్టర్ అయింది. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో 4 బంగారు పతకాలు కొట్టిన అమెరికా ఆటగాడు జెస్సీ ఓవెన్స్ వేసుకుంది వీళ్ల స్పైక్సే (అడుగున మేకులుండే పరుగు బూట్లు). ఇద్దరూ 1933లోనే నాజీ పార్టీలో చేరారు, ఆ సంగతి కూడా చెప్పకుండా వీళ్ల చరిత్ర రాయకూడదు. యుద్ధం అయ్యాక 1948లో అన్నదమ్ములు విడిపోయారు. ఎందుకు విడిపోయారన్నదానికి ఊరంతా కథలే, వాటి జోలికి వెళ్లను, నాకు ముఖ్యమైంది విడిపోయినప్పుడు ఎవరు ఎటు వెళ్లారన్నది. చేతిపని తెలిసినవాళ్లు, డిజైన్ చూసేవాళ్లు ఎక్కువగా అడి దగ్గర ఉండిపోయారు, అమ్మకాలు చూసేవాళ్లు చాలావరకు రూడీ వెంట వెళ్లారు. ఆ రోజు జరిగిన పంపకం తర్వాత 75 ఏళ్ల పాటు రెండు కంపెనీల మీదా కనపడుతూనే ఉంది అని నా నమ్మకం. అడి తన పేరూ ఇంటిపేరూ కలిపి 1949లో అడిడాస్ అన్నాడు, రూడీ ముందు రుడా అని పెట్టి తర్వాత ప్యూమా అని మార్చాడు. ఊరి మధ్యలో ఔరాక్ ఏరు, దానికి అటొకళ్లు ఇటొకళ్లు. ఎదుటివాడితో మాట కలిపే ముందు తల దించి వాడి బూట్లు ఏ కంపెనీవో చూసేవాళ్లంట, అందుకే దాన్ని మెడలు వంచుకునే ఊరు అనేవాళ్లు. అన్నదమ్ములు చివరికి ఒకే శ్మశానంలో ఉన్నారు, అక్కడ కూడా ఈ మూలకొకరు ఆ మూలకొకరు.

ముందు అడిడాస్ సంగతి. 1954 జూలై 4, స్విట్జర్లాండ్‌లోని బెర్న్, ప్రపంచకప్ ఫైనల్, పశ్చిమ జర్మనీకి ఎదురుగా హంగరీ. హంగరీ అప్పటికి నాలుగేళ్లుగా ఓడలేదు, అదే టోర్నీలో కొద్ది రోజుల ముందే జర్మనీని 8-3తో చితక్కొట్టింది. ఫైనల్ రోజు వాన. గ్రౌండ్ బురదబురద. జర్మనీ టీమ్‌తో పాటు అడి డాస్లర్ స్వయంగా ఉన్నాడు, ఓనర్ హోదాలో చప్పట్లు కొట్టడానికి కాదు, బూట్లు చూసుకోవడానికి. ఆ బూట్లకి అడుగున స్టడ్స్ (నేలని పట్టుకునే బుడిపెలు) మరతో బిగించేవి, నేల పొడిగా ఉంటే పొట్టివి, బురదైతే పొడుగువి, విప్పి మార్చుకోవచ్చు. 8 నిమిషాల్లో 0-2తో వెనకబడ్డ జట్టు 3-2తో గెలిచింది. గెలుపంతా బూట్ల వల్లే అని నేననను, ఆడింది మనుషులు, కానీ ఒక కంపెనీ యజమాని ప్రపంచకప్ ఫైనల్ రోజు కూర్చుని స్టడ్ పొడుగు గురించి ఆలోచిస్తున్నాడు చూడండి, నాకు అడిడాస్ అంటే అదీ. అలాంటి బూటు ముందు తయారుచేసింది మేమే, 1952లోనే, అని ప్యూమా ఇప్పటికీ చెప్తుంది. ఎవరు ముందైనా సరే, ఆ రోజు ఆ బురదలో ఉన్నది అడి.

ఇప్పుడు ప్యూమా. దీనికి ఇవ్వాల్సిన మార్కులు ఇచ్చి తీరాలి, ఎందుకంటే ఆటగాడు అనే మనిషి విలువ వీళ్లకి తెలిసినంత బాగా చాలా కాలం ఎవరికీ తెలియలేదు. 1970 మెక్సికో ప్రపంచకప్ తీసుకోండి. అప్పటికి రెండు కంపెనీల వ్యవహారాల్లోకీ కొడుకులు దిగారు, అడిడాస్‌లో హోర్స్ట్, ప్యూమాలో ఆర్మిన్, పీలే కోసం వేలంపాట మొదలెడితే ఇద్దరం మునుగుతాం, వాణ్ణి ముట్టుకోవద్దు అని ఇద్దరూ మాటిచ్చుకున్నారంటారు. ఆ మాట నిలవలేదు, పీలే ప్యూమాతో సంతకం పెట్టాడు. మ్యాచ్ మొదలవబోతుంటే రిఫరీని ఒక్క నిమిషం ఆగమని చెప్పి, మోకాలి మీద కూర్చుని, తీరిగ్గా లేసు కట్టుకున్నాడు, కెమెరా అతని కాలి మీదకి దిగింది, కాలికి ప్యూమా. యాడ్ అనే మాట ఎక్కడా లేకుండా ప్రపంచమంతా ఆ బూటు చూసింది. నాలుగేళ్ల తర్వాత 1974లో క్రైఫ్. నెదర్లాండ్స్ జట్టు జెర్సీ అడిడాస్‌ది, అతని సొంత ఒప్పందం ప్యూమాతో, అడిడాస్ గుర్తయిన మూడు గీతలు నేను వేసుకోను అన్నాడు. చివరికి జట్టంతా చేతుల మీద మూడు గీతలతో ఆడితే అతనొక్కడే రెండు గీతల చొక్కాతో ప్రపంచకప్ ఆడాడు. పాత ఫొటోలు చూస్తే భుజం నుంచి కిందకి లెక్కపెట్టొచ్చు, రెండే. ఒక మనిషి కోసం జట్టు చొక్కా మీద ఒక గీత ఊడింది, ఆ తెగువ నాకు నిజంగా నచ్చుతుంది.

మరి ఇంత మంచి చూపు ఉన్న కంపెనీ చిన్నదిగా ఎందుకు మిగిలిపోయింది? మనిషి రిటైర్ అవుతాడు, షూ అవ్వదు. నా వాదనంతా ఈ ఒక్క ముక్కే. 1985లో 17 ఏళ్ల బోరిస్ బెకర్ వింబుల్డన్ గెలిచినప్పుడు చేతిలో రాకెట్టూ కాళ్లకి బూట్లూ ప్యూమావే, ఆ ఊపులో 1986లో కంపెనీ షేర్ మార్కెట్‌కి వెళ్లింది, కొద్ది రోజులకే నష్టాల్లో పడింది, ఆ దశాబ్దం దాటేలోపే కుటుంబం చేతిలోంచి జారిపోయింది. 1993లో 30 ఏళ్ల యోఖెన్ జైట్జ్ వచ్చి ఆటతో పాటు ఫ్యాషన్ వైపు తిప్పి నిలబెట్టాడు, అది వేరే పెద్ద కథ. తర్వాత ఉసేన్ బోల్ట్. 2008 బీజింగ్‌లో 9.69 సెకన్లు, ఒక లేసు ఊడిపోయి ఉంది, గెలిచాక బంగారు రంగు ప్యూమా బూట్లు చేత్తో పైకెత్తి చూపించాడు. అంతకంటే పెద్ద దృశ్యం ఏ కంపెనీకి దొరుకుతుంది? కానీ ఆ బూటు పేరేంటి అని అడిగితే ఎంతమంది చెప్తారు? బోల్ట్ 2017లో ఆపేశాడు, ఆ వెలుగు అతనితో పాటే వెళ్లింది. ప్యూమాకి మంచి షూలు లేవని కాదు, స్వీడ్ ఉంది, కింగ్ ఉంది, 1968 ఒలింపిక్స్‌లో పతకాలిచ్చే పోడియం మీద అమెరికా పరుగువీరుడు టామీ స్మిత్ పక్కన పెట్టుకున్నది ప్యూమా బూటే. ఉన్నవాటి మీద ఓపిగ్గా కూర్చోవడం తక్కువైంది అంటున్నా, అంతే.

అడిడాస్ ఏమైనా తక్కువ తప్పులు చేసిందా అంటే లేదు. 1970ల్లో అమెరికాలో జనం రోడ్ల మీద జాగింగ్ మొదలెడితే సరిగ్గా పట్టించుకోలేదు, ఆ సందులోంచే నైకీ దూరి పైకెళ్లిపోయింది (ప్యూమాదీ ఇదే తప్పు, ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ మూడోవాణ్ణి చూడలేదు). రీబాక్‌ని 2006లో దాదాపు 380 కోట్ల డాలర్లకి కొని, చివరికి దాదాపు 210 కోట్ల యూరోలకి వదిలించుకుంది. కానీ నా వాదనకి అన్నిటికంటే పనికొచ్చేది యీజీ వ్యవహారం, అంటే ర్యాపర్ కాన్యే వెస్ట్‌తో కలిసి చేసిన షూల వరస. అడిడాస్ కూడా ఒకసారి ప్యూమా దారిలో నడిచి, వ్యాపారంలో పెద్ద ముక్కని ఆ ఒక్క మనిషి మీద పెట్టింది. 2022 అక్టోబర్‌లో అతని యూదు ద్వేషపు మాటల తర్వాత ఒప్పందం తెంచుకోవాల్సొచ్చింది, అమ్ముడుపోని సరుకు గోడౌన్లలో ఉండిపోయింది, 2023లో 5.8 కోట్ల యూరోల నష్టం, 30 ఏళ్లకి పైగా ఎప్పుడూ లేని వార్షిక నష్టం.

దాన్ని బయటపడేసింది ఏంటి? సాంబా. ఇంకో సెలబ్రిటీ కాదు, 1950 నాటి షూ, గడ్డకట్టిన నేల మీద ఫుట్‌బాల్ ఆడేవాళ్లు జారకుండా ఉండటానికి చేసింది. ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి, కాలివేళ్ల మీద స్వీడ్ అనే నూగుతోలు ముక్క టీ ఆకారంలో, ఎందుకంటే బంతి తగిలి ముందు అరిగేది అక్కడే, అడుగున తేనెరంగు రబ్బరు, ముందరి పాదం కింద గుండ్రంగా ఒక చోటు, కాలు గిర్రున తిప్పడానికి. పక్కన మూడు గీతలు కూడా మొదట్లో అందానికి పెట్టినవి కావు, తోలు సాగి ఆకారం పోకుండా పట్టి ఉంచడానికి కుట్టిన పట్టీలు. ఆటగాడి కాలి కోసం ఆలోచించి చేసిన వస్తువు 70 ఏళ్ల తర్వాత ఆటే ఆడనివాళ్ల కాళ్లకి ఎక్కి కంపెనీని నిలబెట్టింది. ఆ సమయంలో అడిడాస్ పగ్గాలు పట్టింది ఎవరు అంటే బ్యోర్న్ గుల్డెన్, 2013 నుంచి 2022 దాకా ప్యూమాని నడిపినాయనే, ఏరు దాటి ఇటు వచ్చాడు. అంటే మంచి మేనేజర్లు ప్యూమాలోనూ ఉన్నారు, ఆయనకి ఇక్కడ దొరికింది గోడౌన్లో ఉన్న పాత డిజైన్ల ఆస్తి.

ఇక్కడ ఎవరైనా బాస్కెట్‌బాల్ ఆటగాడు మైఖేల్ జోర్డాన్ సంగతేంటి, నైకీ 1984లో ఒక్క కుర్రాడి మీదే కదా పందెం కాసింది అంటారు. నిజమే, అది నా వాదనకి గట్టి పరీక్ష. కానీ నైకీ అక్కడ మనిషిని షూగా మార్చేసింది, ఎయిర్ జోర్డాన్ అని నంబర్లు వేసుకుంటూ ఏటా కొత్త షూ, ఆయన ఆట మానేసి 20 ఏళ్లు దాటినా అది అమ్ముడుపోతూనే ఉంది. ప్యూమా పీలేతో, బోల్ట్‌తో చేయలేకపోయింది సరిగ్గా అదే.

తయారీ విషయంలో రెండింటికీ పెద్ద తేడా చూపించలేను, ఇద్దరూ ఎక్కువగా ఆసియాలో బయటి ఫ్యాక్టరీలతోనే చేయిస్తారు.

కాబట్టి ఎవరికి ఏది మేలు? పేరు తెచ్చుకోబోతున్న ఆటగాడికైతే ప్యూమా అంటాను, పెద్ద కంపెనీలో వందమందిలో ఒకడిగా ఉండే బదులు వీళ్ల దగ్గర ముందు వరసలో ఉంటాడు. డబ్బు పెట్టి ఏళ్ల తరబడి ఉంచేవాళ్లకి, చెడ్డ ఏడాదిని తట్టుకునే కంపెనీ కావాలనుకునేవాళ్లకి, అడిడాస్. 2025లో ప్యూమా తమకి ఆ ఏడాది నష్టం తప్పదని చెప్పింది, ఎంతో ఆశ పెట్టుకున్న స్పీడ్‌క్యాట్ షూ అనుకున్నంత ఎగరలేదు. రన్నింగ్‌కి కొనేవాళ్ల సంగతి మాత్రం వేరు, అక్కడ పోటీ నిజంగా బిగువుగా ఉంది. 2023 బెర్లిన్ మారథాన్‌లో టిగిస్ట్ అసెఫా 2:11:53తో మహిళల రికార్డు కొట్టింది 138 గ్రాముల అడిడాస్ బూటుతో, గెలిచాక దాన్ని ఎత్తి ముద్దు పెట్టుకుంది కూడా. ఇటు ప్యూమా 2021 నుంచి నైట్రో అని కొత్త ఫోమ్ మీద వరసగా షూలు తెస్తోంది, మనిషి పేరు మీద కాకుండా అడుగున ఏముందో చెప్పి అమ్ముతోంది. 2025 జూలైలో ప్యూమాకి కొత్తగా వచ్చిన బాస్ ఆర్థర్ హెల్డ్ పాతికేళ్లకి పైగా అడిడాస్‌లో పనిచేసినాయన, ఈసారి ఏరు దాటింది అడిడాస్ నుంచి ప్యూమాకి. ఆయన ఆ నైట్రో మీద కనీసం పదేళ్లు ఓపిగ్గా కూర్చుంటే నా ఓటు మార్చుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు.