రైల్స్ ఫేవికాన్_లింక్_ట్యాగ్: ఆరేళ్ల వాడకం తర్వాత

రూబీ భాషలో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్ రైల్స్. ఆరేళ్లుగా నేను చేసిన ప్రతి రైల్స్ అప్లికేషన్ లేఅవుట్‌లోనూ (పేజీలన్నిటికీ ఉమ్మడి చట్రం) ఫేవికాన్_లింక్_ట్యాగ్ అనే హెల్పర్ (హెచ్‌టీఎంఎల్ రాసిపెట్టే రెడీమేడ్ ఫంక్షన్) ఉంది. బ్రౌజర్ ట్యాబ్ మీద కనిపించే చిన్న బొమ్మకి (ఫేవికాన్) లింక్ ట్యాగ్ రాసిపెట్టడమే దీని పని. పేరేమీ ఇవ్వకపోతే ఫేవికాన్.ఐకో అనే ఫైలునే తీసుకుంటుంది. ఈ ఒక్క లైనూ చేత్తో రాసుకోలేమా అని మొదట్లో నాకూ అనిపించింది.

మూడో ఏట ఒక క్లయింటు లోగో మార్చుకున్నారు. కొత్త ఫైలుని అదే పేరుతో పబ్లిక్ ఫోల్డర్‌లో పెట్టి డిప్లాయ్ చేశాను. నా దగ్గర కొత్త బొమ్మే వచ్చింది. వాళ్ల ఆఫీసులో మాత్రం రెండు వారాలైనా చాలామందికి పాతదే కనిపిస్తోంది. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి క్యాష్ క్లియర్ చేయించాను. ఫేవికాన్‌ని బ్రౌజర్లు విడిగా దాచుకుంటాయి, పేజీ రీలోడ్ చేసినా చాలాసార్లు వదలవు.

పొరపాటు నా లేఅవుట్‌లోనే ఉంది. ఫైలు పేరు ముందు స్లాష్ పెట్టాను. స్లాష్ ఉంటే హెల్పర్ ఆ దారిని ఉన్నదున్నట్టు వదిలేస్తుంది. స్లాష్ తీసేసి, ఫైలుని యాప్ కింద అసెట్స్‌లోని ఇమేజెస్ ఫోల్డర్‌కి మార్చాను. ఇప్పుడు ప్రొడక్షన్‌లో, అంటే అసలు సైటులో, పేరు చివర డైజెస్ట్ (ఫైలు లోపలి సమాచారం నుంచి లెక్కగట్టిన కోడ్) చేరుతుంది. బొమ్మ మారితే డైజెస్ట్ మారుతుంది, బ్రౌజర్‌కి అది కొత్త అడ్రస్ అవుతుంది. ఆ తర్వాత లోగో రెండుసార్లు మారింది, నాకు ఒక్క ఫోనూ రాలేదు. ఈ హెల్పర్‌ని నేను వదలనిది ఇందుకే.

నచ్చనిది ఒకటుంది. ఇది ఫైలు ఎక్స్‌టెన్షన్ చూడదు. పీఎన్‌జీ ఇచ్చినా టైప్ దగ్గర 'ఇమేజ్/ఎక్స్-ఐకాన్' అనే రాస్తుంది. పీఎన్‌జీకైనా ఎస్‌వీజీకైనా టైప్ మనమే ఇవ్వాలి. ఐఫోన్ హోమ్ స్క్రీన్ కోసమైతే ఇదే హెల్పర్‌ని ఇంకోసారి పిలిచి, రెల్ (ఆ లింక్ దేనికో చెప్పే అట్రిబ్యూట్) 'యాపిల్-టచ్-ఐకాన్' అని మార్చి, 180 పిక్సెళ్ల పీఎన్‌జీ ఇస్తే సరిపోతుంది. పాత వెర్షన్లలో రెల్ 'షార్ట్‌కట్ ఐకాన్' అని వచ్చేది, తర్వాత ఉత్త 'ఐకాన్' అయింది. ఆ మార్పుకి నేను ఏ లేఅవుట్‌నీ ముట్టుకోలేదు.

డైజెస్ట్ ఉంది కదా అని పబ్లిక్‌లోని ఫేవికాన్.ఐకో తీసేయకండి. లింక్ ట్యాగ్ పెట్టే హెడ్ భాగం లేని జేసన్ (డేటా మాత్రమే ఉండే ఫార్మాట్) లాంటివి తెరిచినప్పుడు బ్రౌజర్ నేరుగా ఆ అడ్రస్‌నే అడుగుతుంది. ఫైలు లేకపోతే లాగ్ నిండా ఆ అడ్రస్ లేదనే రౌటింగ్ ఎర్రర్లే. నేను రెండు చోట్లా ఒక్కో కాపీ ఉంచుతాను.

రైల్స్ 7.2 నుంచి కొత్త యాప్ లేఅవుట్‌లో ఐకాన్.పీఎన్‌జీ, ఐకాన్.ఎస్‌వీజీలకు మామూలు లింక్ ట్యాగ్‌లే రాసి వస్తున్నాయి, ఫైళ్లు పబ్లిక్‌లో ఉంటున్నాయి. మొదటి రోజుకి అది చాలు. కానీ అక్కడ పేరు ఎప్పటికీ మారదు. అందుకే యాప్ మొదలుపెట్టగానే ఆ లైన్లు తీసేసి, వాటి చోట ఈ హెల్పర్‌నే రాసుకుంటున్నాను.