సీపాప్‌తో రెండేళ్లు: స్ట్రోక్ తర్వాత మగత, ఒంటిచేత్తో పెట్టుకునే మాస్క్

సీపాప్ అంటే నిద్రలో ఊపిరి ఆగకుండా, మాస్క్‌లోంచి ఒత్తిడితో గాలి పంపే మెషిన్. ఆ మెషిన్ గురించి, గాలి ప్రెజర్ గురించి చాలామంది రాశారు. నేను రాయాలనుకున్నది మాస్క్ పక్కన ఉండే చిన్న అయస్కాంతం క్లిప్ గురించి. స్ట్రోక్‌లో ఒక చెయ్యి పట్టు తప్పినవాళ్లకి మిగతా అన్ని ఫీచర్లూ దాని తర్వాతే.

స్ట్రోక్ వచ్చిన కొత్తలో రోజుకి 14 గంటలు పడుకునేదాన్ని. మెదడు కోలుకుంటోంది, పడుకోనివ్వండి అన్నారు. అప్పటికి అది నిజమే. కానీ ఏడో నెలలో కూడా ఫోన్లో మాట్లాడుతూనే నిద్రలోకి జారిపోతుంటే ఇంట్లో "బద్ధకం" అనే మాట వినపడింది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. చివరికి డాక్టర్, పగలు నిద్ర ఎంతగా ముంచుకొస్తుందో కొలిచే ఎప్‌వర్త్ ప్రశ్నలు అడిగారు. 8 సందర్భాలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 24. పది దాటితే మగత ఎక్కువని లెక్క. నాకు 17 వచ్చింది. స్లీప్ స్టడీలో గంటకి 38 సార్లు ఊపిరి ఆగడమో, బాగా తగ్గడమో కనిపించింది. 30 దాటితేనే తీవ్రం అంటారు. స్ట్రోక్ వచ్చినవాళ్లలో సగానికి పైగా ఇలా నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, స్లీప్ ఆప్నియా, ఉంటుందని అప్పుడే తెలిసింది. ముందే ఎవరైనా అడిగి ఉంటే ఏడు నెలలు పోయేవి కావు.

అప్పుడు ఇచ్చిన సీపాప్ మెషిన్‌తో వచ్చిన మొదటి మాస్క్‌కి నొక్కి తగిలించే ప్లాస్టిక్ కొక్కేలు. ఒక చెయ్యి మాస్క్ పట్టుకోవాలి, ఇంకో చెయ్యి కొక్కెం తగిలించాలి. నా ఎడమ చెయ్యి ఆ పని చెయ్యదు. రాత్రి బాత్రూమ్‌కి లేచిన ప్రతిసారీ మా ఆయన్ని లేపాలి. ఆయన పని మీద తొమ్మిది రోజులు ఊరెళ్లినప్పుడు, ఒకసారి తీసిన మాస్క్ మళ్లీ పెట్టుకోలేకపోయేదాన్ని. మెషిన్ రికార్డులో ఆ రాత్రులు రెండు గంటలు, గంటన్నర అని ఉన్నాయి. ఐదో రోజు ఫిజియోథెరపీలో కడ్డీల మధ్య నిలబడి ఉండగానే కళ్లు మూతపడ్డాయి, మోకాళ్లు వంగిపోయాయి. థెరపిస్ట్ పట్టుకోబట్టి సరిపోయింది. "రాత్రి మెషిన్ పెట్టుకోలేదా అమ్మా?" అని అడిగింది. కొక్కేల సంగతి చెప్తే, అయస్కాంతం క్లిప్పులున్న మాస్క్ అడగమంది.

అది వచ్చిన రాత్రి కుడిచేత్తో మాస్క్ ముక్కు మీద పెట్టి, పట్టీని దగ్గరికి తెచ్చి వదిలాను. టక్‌మని దానంతటదే అతుక్కుంది. చీకట్లో, ఎవరినీ లేపకుండా. చాలాసేపు ఏడ్చాను. అప్పటినుంచి రాత్రికి సగటున ఆరు గంటలు తగ్గలేదు. ఎప్‌వర్త్ స్కోరు ఇప్పుడు 9.

అలాగని ఒళ్లు తేలికైపోయిందని కాదు. మగత తగ్గింది, అలసట అలాగే ఉంది. ఆ రెండూ వేరని నాకు ఇప్పుడే అర్థమవుతోంది. కండరాల బిగుతుకి వేసుకునే బాక్లోఫెన్‌తో కూడా మగత వస్తుంది. దాని డోసు కూడా ఈ మధ్యలోనే తగ్గించారు, కాబట్టి మార్పంతా మెషిన్ వల్లే అనలేను. నాతోపాటు థెరపీకి వచ్చే ఒకాయనకి స్ట్రోక్ మెదడు లోపలి భాగమైన థాలమస్‌లో వచ్చింది. మెలకువగా ఉంచే భాగమే దెబ్బతింటే గాలి మెషిన్ ఒక్కటే చాలదని ఆయన డాక్టర్ చెప్పారట. 2016లో వచ్చిన సేవ్ అనే పెద్ద అధ్యయనంలో కూడా సీపాప్‌తో పగటి మగత తగ్గింది కానీ, మళ్లీ స్ట్రోక్ రావడం, గుండెపోటు రావడం తగ్గినట్టు తేలలేదు. అందుకే నేను బీపీ మాత్ర ఒక్క పూట కూడా మానలేదు.

నేను ఇంతగా మెచ్చుకున్న అయస్కాంతం అందరికీ కుదరదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, మెదడు రక్తనాళానికి లోహపు క్లిప్ వేసినవాళ్లు అలాంటి మాస్క్ వాడకూడదు. నా గుండె కొట్టుకునే వేగం తగ్గుతోంది, పేస్‌మేకర్ పెట్టాల్సి రావచ్చంటున్నారు. అందుకే అయస్కాంతం లేని మాస్క్ ఒకటి తెప్పించుకుని, పట్టీలు ముందే బిగించి ఉంచి, ఒంటిచేత్తో టోపీలా తలమీంచి లాక్కోవడం నేర్చుకుంటున్నాను. ఇప్పటికి నాలుగు రాత్రులైంది. గాలి లీక్ ఎక్కువగానే చూపిస్తోంది, కానీ మా ఆయన్ని ఒక్కసారి కూడా లేపలేదు.