2006 నాటి ఐపాడ్, ఇప్పటి ల్యాప్‌టాప్: ఏళ్ల తరబడి వాడాక

బీరువాలోంచి పాత ఐపాడ్ బయటికి తీసిన ప్రతివాళ్లకీ ముందు వచ్చే అనుమానం ఒకటే. ఇప్పటి కంప్యూటర్ దీన్ని గుర్తుపడుతుందా? పడుతుంది. గుంటూరులో మా ఇంట్లో ఉన్న 2006 నాటి ఐపాడ్ విండోస్ 11 ల్యాప్‌టాప్‌తో చక్కగా నడుస్తోంది. పొద్దున విజయవాడ వెళ్లే రైల్లో నేను వింటాను, సాయంత్రం ఇంటికి రాగానే నాన్నగారి చేతికి వెళ్తుంది. అలాగని కేబుల్ పెట్టగానే పనైపోతుందని చెప్పను. మధ్యలో కొన్నిచోట్ల ఆగుతుంది. ఎందుకు ఆగిందో తెలియక ‘ఇది పోయింది’ అని పక్కన పడేసినవి చాలా ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం బాగున్నవేనని నా గట్టి నమ్మకం.

ముందు మీ దగ్గరున్నది ఏ మోడలో చూసుకోండి. వెనక స్టీలు మూత మీద సన్నటి అక్షరాల్లో మోడల్ నంబరు ఉంటుంది. మాది ఎ1136, అంటే ఐదో తరం, అందరూ ఐపాడ్ వీడియో అని పిలిచేది. ఇది 2005 అక్టోబరులో వచ్చింది. 2006 సెప్టెంబరులో తెర వెలుతురు పెంచి, పాటలు వెతికే సదుపాయం కలిపి మళ్లీ తెచ్చారు. మాది ఆ రెండో విడతలో వచ్చిన 30 జీబీది. ఎ1238 అని ఉంటే అది 2007లో మొదలైన క్లాసిక్. కేబుల్ గురించీ ఫార్మాట్ గురించీ నేను చెప్పేవి దానికీ వర్తిస్తాయి. కానీ దాని ముందుభాగం కూడా లోహమే కాబట్టి విప్పడం బాగా కష్టం. 2022 మేలో ఆపిల్ ఐపాడ్ల అమ్మకమే ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఇక ఏం చేసుకున్నా మనమే చేసుకోవాలి.

ఇంత శ్రమ ఎందుకని అడిగేవాళ్లకు నా జవాబు నాన్నగారి క్యాసెట్లు. 1948లో మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం నుంచి పొద్దున్నే వచ్చే భక్తిరంజనిని ఆయన ఏళ్లపాటు టేప్ రికార్డర్‌లో పట్టి దాచుకున్నారు. మా వీధి గుడిలో జరిగిన హరికథలు, ప్రవచనాలు కూడా ఉన్నాయి. వాటన్నిటినీ ఎంపీ3లుగా మార్చాం. ఇవి ఏ యాప్‌లోనూ దొరకవు. ఫోన్‌లో వేసిస్తే మధ్యలో ఫోన్లు వస్తాయి, ప్రకటనలు వస్తాయి, వేలు ఎక్కడో తగిలి ఇంకేదో తెరుచుకుంటుంది, నాన్నగారు విసుగొచ్చి పక్కన పెట్టేస్తారు. ఐపాడ్ చక్రం మాత్రం ఆయనకు చూడకుండానే తెలుసు. చీకట్లో కూడా బొటనవేలితో తిప్పి సౌండ్ తగ్గించుకుంటారు.

ఇక కేబుల్ సంగతి. సగం కష్టం ఇక్కడే. దీనికి కావాల్సింది వెడల్పాటి 30 పిన్నుల కేబుల్. బ్రాడీపేటలో, అరండల్‌పేటలో సెల్ షాపుల్లో అడిగితే ‘ఈ పిన్ను ఇప్పుడు ఎవరూ వాడట్లేదక్కా’ అన్నారు. చివరికి విజయవాడ బీసెంట్ రోడ్డు పక్క సందులో ఒక షాపులో పాత వైర్ల డబ్బా కిందికి దించి వెతికిస్తే దొరికింది. మీరు షాపుల వెంట తిరిగే ముందు చుట్టాల్ని అడగండి. ఐఫోన్ 4, 4ఎస్, మొదటి మూడు ఐప్యాడ్లు, అన్నిటికీ ఇదే కేబుల్. చాలా ఇళ్లలో ఫోన్ పోయినా కేబుల్ ఉంటుంది.

కొత్తగా అమ్మే చౌక కేబుళ్లలో కొన్నిటికి చార్జింగ్ తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. కనిపెట్టడం తేలికే. మంచి కేబుల్‌తో కంప్యూటర్‌కి పెడితే ఐపాడ్ తెర మీద ‘డిస్‌కనెక్ట్ చెయ్యొద్దు’ అన్న సందేశం వస్తుంది. అది రాకుండా చార్జింగ్ బొమ్మ ఒక్కటే వస్తుంటే ఐపాడ్‌ని, ల్యాప్‌టాప్‌ని తిట్టుకోకుండా ముందు కేబుల్ మార్చి చూడండి.

నా ల్యాప్‌టాప్‌కి సీ టైప్ పోర్టులే ఉన్నాయి. సీ టైప్‌ని మామూలు యూఎస్‌బీగా మార్చే ఓటీజీ ముక్క పెట్టి దానికి పాత కేబుల్ గుచ్చితే సరిపోయింది. నాలుగైదు పోర్టులుండే చౌక హబ్‌కి మాత్రం పెట్టకండి. ఇందులో ఉన్నది 1.8 అంగుళాల తిరిగే హార్డ్ డిస్క్. అది తిరగడం మొదలుపెట్టేటప్పుడు కరెంటు ఎక్కువ లాగుతుంది, అదే సమయంలో బ్యాటరీ కూడా చార్జ్ అవుతుంటుంది. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు. విడిగా కరెంటు లేని హబ్‌లో దాన్ని మౌసు, కీబోర్డు, పెన్‌డ్రైవ్ కూడా పంచుకుంటే ఐపాడ్ కనెక్ట్ అవుతూ ఊడుతూ ఉంటుంది. లోపల టిక్కుటిక్కుమని చప్పుడు కూడా రావచ్చు. డిస్క్ పోయిందని కంగారు పడకుండా నేరుగా ల్యాప్‌టాప్‌కి పెట్టి చూడండి.

అయినా పలకకపోతే డిస్క్ మోడ్ ఉంది. మెనూ, మధ్య బటన్ రెండూ కలిపి ఆపిల్ బొమ్మ వచ్చేదాకా నొక్కి పట్టుకోవాలి, సుమారు ఆరేడు సెకన్లు. బొమ్మ రాగానే వెంటనే మధ్య బటన్, ప్లే బటన్ కలిపి నొక్కి పట్టాలి. అప్పుడు అది పెన్‌డ్రైవ్‌లా కంప్యూటర్‌కి కనబడుతుంది. అప్పటికీ విండోస్ ‘డింగ్’ మని శబ్దం చేసి ఏమీ చూపించకపోతే విండోస్‌లోనే ఉండే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. ఒక్కోసారి ఐపాడ్‌కి రావాల్సిన డ్రైవ్ అక్షరాన్ని ఆఫీసు నెట్‌వర్క్ డ్రైవ్ ముందే తీసుకుని ఉంటుంది. వేరే అక్షరం ఇస్తే చాలు.

ఇప్పుడు అసలు ప్రమాదం ఉన్న చోటు. మా ఐపాడ్‌ని అన్నయ్య అమెరికాలో మ్యాక్‌కి, అంటే ఆపిల్ కంప్యూటర్‌కి, పెట్టి వాడేవాడు. మ్యాక్‌తో సెటప్ చేసిన ఐపాడ్ హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ అనే పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటుంది, విండోస్‌తో చేసినది ఫ్యాట్32లో ఉంటుంది. మ్యాక్‌కి రెండూ అర్థమవుతాయి, విండోస్‌కి మొదటిది అర్థం కాదు. అందుకని పెట్టగానే ‘ఈ డిస్క్‌ని వాడాలంటే ఫార్మాట్ చెయ్యాలి’ అని అడుగుతుంది. దయచేసి సరే అనకండి. డిస్క్ బాగానే ఉంది, పాటలన్నీ అందులోనే ఉన్నాయి. వాటిని ముందు బయటికి తీసుకోవాలి. లినక్స్ ఉన్న కంప్యూటర్ దొరికితే అది ఈ ఫార్మాట్‌ని నేరుగా చదువుతుంది. లేదా విండోస్‌లో హెచ్‌ఎఫ్‌ఎస్ ఎక్స్‌ప్లోరర్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. జావా కావాలి, చదవడమే తప్ప రాయదు, మనకు కావాల్సింది కూడా అంతే.

లోపలికి వెళ్లాక పాటలు ఎక్కడా కనబడవు. ఐపాడ్ వాటిని దాచిన ఫోల్డర్‌లో పెడుతుంది. దాచిన ఫైళ్లు చూపించమని సెట్టింగ్ మారిస్తే ఐపాడ్ కంట్రోల్ అనే ఫోల్డర్, అందులో మ్యూజిక్, దాని లోపల ఎఫ్00, ఎఫ్01 అంటూ వరసగా ఫోల్డర్లు వస్తాయి. ఒక్కో పాటకి అర్థం లేని నాలుగక్షరాల పేరు ఉంటుంది. చూస్తే పాడైపోయాయనిపిస్తుంది గానీ ఒక్కటీ పాడవలేదు. ఏ పేరు ఏ పాటదో ఐపాడ్ విడిగా ఒక డేటాబేస్‌లో రాసుకుంటుంది. మనం మామూలుగా కాపీ చేసి పెట్టిన పాటలు ఐపాడ్‌లో వినపడకపోవడానికి కారణం కూడా అదే, డేటాబేస్‌లో వాటి పేరు ఎక్కదు. మొత్తం ఫోల్డర్‌ని ల్యాప్‌టాప్‌లోకి లాగేసి, ఎంపీ3ట్యాగ్ అనే ప్రోగ్రాంతో ఫైలు లోపల పాట పేరు, పాడినవాళ్ల పేరు రాసి ఉండే ట్యాగుల్ని బట్టి పేర్లు మార్పిస్తే అన్నీ తిరిగి వచ్చేశాయి. వదిన ఎప్పుడో వేసుకున్న పెళ్లి పాటలు కూడా బయటపడ్డాయి.

పాటలు బయటికి తీసుకున్న తర్వాతే ఐట్యూన్స్ జోలికి, అంటే ఐపాడ్‌లోకి పాటలు ఎక్కించే ఆపిల్ ప్రోగ్రాం జోలికి, వెళ్లండి. ఎందుకంటే ఐపాడ్ ఒక్క లైబ్రరీతోనే, అంటే ఒక్క కంప్యూటర్‌లోని పాటల జాబితాతోనే, సింక్ అవుతుంది, దానికి తగ్గట్టే తన పాటల్ని మార్చుకుంటుంది. కొత్త కంప్యూటర్‌కి పెడితే ‘చెరిపేసి సింక్ చెయ్యనా’ అని అడుగుతుంది. అవునంటే ఉన్నవన్నీ పోతాయి. పాటల్ని మనమే చూసుకుంటాం అనే ఆప్షన్ టిక్ పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు. ఇంకో మాట. విండోస్‌లో ఆపిల్ మ్యూజిక్, ఆపిల్ డివైసెస్ అంటూ కొత్త యాప్‌లు వచ్చాయి. అవి వేసుకుంటే ఐట్యూన్స్‌లో పాడ్‌కాస్టులు, ఆడియో పుస్తకాలు మాత్రమే మిగులుతాయి. పాత ఐపాడ్ కోసమైతే వాటిని వెయ్యకుండా ఐట్యూన్స్ ఒక్కటే ఉంచుకోవడం నయం. మ్యాక్‌లో 2019 నాటి క్యాటలినా వెర్షన్ నుంచి ఐట్యూన్స్ లేదు, ఫైళ్లు చూసే ఫైండర్‌లోనే ఐపాడ్ కనబడుతుంది. మా మేనల్లుడి మ్యాక్‌లో పెట్టి చూశాం, పనిచేసింది.

నేను ఐట్యూన్స్‌తో ఒకే ఒక్క పని చేయించుకున్నాను: రిస్టోర్, అంటే ఉన్నదంతా చెరిపి ఐపాడ్ సాఫ్ట్‌వేర్‌ని కొత్తగా ఎక్కించడం. విండోస్‌లో రిస్టోర్ చేస్తే డిస్క్ ఫ్యాట్32కి మారుతుంది. ఆ తర్వాత రాక్‌బాక్స్ వేశాను. ఈ సమీక్షలో నేను మనస్ఫూర్తిగా పదికి పది ఇచ్చేది దీనికే. పాత మ్యూజిక్ ప్లేయర్ల కోసం ఔత్సాహికులు 2001 నుంచి ఉచితంగా తయారుచేస్తున్న సాఫ్ట్‌వేర్ ఇది. దాని యుటిలిటీ ప్రోగ్రాం ఐపాడ్‌ని తనే గుర్తుపట్టి ఎక్కిస్తుంది, కానీ డిస్క్ ఫ్యాట్32లో ఉండాలి. కంపెనీ సాఫ్ట్‌వేర్ కూడా పోదు. ఆన్ అయ్యేటప్పుడు పైనున్న హోల్డ్ మీట జరిపితే అదే వస్తుంది.

దీంతో కొత్త కంప్యూటర్లతో ఉన్న పేచీ మొత్తం తీరిపోయింది. సింక్ లేదు, లైబ్రరీ లేదు. ‘భక్తిరంజని’, ‘హరికథలు’, ‘రైలు పాటలు’ అని ఫోల్డర్లు చేసుకుని లాగి పడేయడమే. ఏ కంప్యూటర్‌కి పెట్టినా పెన్‌డ్రైవ్‌తో సమానం. ఎంపీ3లే కాదు, ఫ్లాక్, ఆగ్ అనే ఇంకో రకం పాటల ఫైళ్లు కూడా పాడుతుంది. నాన్నగారికి నచ్చింది బుక్‌మార్క్. రెండు గంటల ప్రవచనాన్ని మధ్యలో ఆపేస్తే మర్నాడు సరిగ్గా అక్కణ్నుంచే మొదలవుతుంది. ఆపినప్పుడల్లా తనే గుర్తుపెట్టుకునేలా సెట్టింగ్ పెట్టాను. ఈక్వలైజర్ కూడా చాలా వివరంగా ఉంది. క్యాసెట్ల నుంచి వచ్చిన ‘సస్’ శబ్దాన్ని పై స్వరాలు కాస్త తగ్గించి చాలావరకు అణిచేశాను, అయినా మృదంగం స్పష్టంగా వినిపిస్తుంది. కంటిచూపు తక్కువైన వాళ్లకు మెనూలు పైకి చదివి వినిపించే సదుపాయం ఉంది.

శబ్దం గురించి ఎంత చెప్పినా తక్కువే. ఇందులో ఉన్నది వోల్ఫ్‌సన్ కంపెనీ ఆడియో చిప్. మామూలు వైరు ఇయర్‌ఫోన్స్‌తో వింటే తంబురా శ్రుతి కూడా నిండుగా వినిపిస్తుంది. సాయంత్రం నాన్నగారు చిన్న స్పీకరుకి ఆక్స్ వైరుతో కలుపుకుంటారు.

హార్డ్ డిస్క్ ఎక్కువకాలం ఉండదని తెలుసు కాబట్టి దాని స్థానంలో ఎస్‌డీ కార్డు పెట్టే అడాప్టర్ తెప్పించాను. విప్పడానికి స్క్రూలు లేవు. ప్లాస్టిక్ పలకతో అంచు వెంబడి మెల్లగా క్లిప్పులు విడదీయాలి. మూత ఒక్కసారిగా లాగితే మాత్రం బ్యాటరీ రిబ్బను, హెడ్‌ఫోన్ జాక్ రిబ్బను తెగుతాయి, ఎందుకంటే రెండూ వెనక మూత నుంచి బోర్డుకి కలిసి ఉంటాయి. పుస్తకం తెరిచినట్టు కొంచెమే తెరిచి, బ్యాటరీ రిబ్బను పట్టుకున్న చిన్న క్లిప్పుని గోటితో పైకి లేపి వదులు చేయాలి. డిస్క్ రిబ్బనుకీ అలాంటి నల్లటి పట్టీయే, నిలువుగా లేపితే వదులుతుంది. మే నెలలో ఫ్యాన్ ఆపి గుంటూరు ఎండకి చెమటలు కారుతుండగా చేసిన పని ఇది. మీరు చలికాలంలో పెట్టుకోండి. 64 జీబీ, ఆ పైన ఉన్న ఎస్‌డీ కార్డులు ఎక్స్‌ఫ్యాట్‌లో వస్తాయి, ఐపాడ్‌కి అది పనికిరాదు. కార్డు పెట్టాక మళ్లీ ఐట్యూన్స్‌లో రిస్టోర్ చేస్తే తనే సరిచేసుకుంటుంది. రాక్‌బాక్స్ మళ్లీ ఎక్కించుకోవాలి. డిస్క్ తిరిగే పని లేదు కాబట్టి చార్జింగ్ కూడా ముందుకన్నా బాగా ఎక్కువసేపు వస్తోంది, బరువు తగ్గింది, రైలు కుదుపులకు భయం లేదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. తెలుగు లిపిలో ట్యాగులు పెడితే తెర మీద సరిగ్గా రావు, నాన్నగారి కోసం పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చాల్సి వచ్చింది. నాకు నిజంగా బాధ కలిగించింది ఇదొక్కటే. బ్లూటూత్ లేదు. కొన్ని ఫోన్ చార్జర్లకు పెడితే చార్జింగ్ ఎక్కదు, ల్యాప్‌టాప్‌కి పెడితే ఎక్కుతుంది. బ్యాటరీ ఉబ్బితే, అంటే వెనక మూత అంచు దగ్గర సందు కనిపిస్తే, వెంటనే వాడటం ఆపి మార్పించండి. మన ఎండలకు కారులో, కిటికీ దగ్గర వదలకండి.

ఈ సెటప్ చేసుకోవాలనుకుంటే ఐట్యూన్స్ ఇన్‌స్టాలర్, రాక్‌బాక్స్ ఫైళ్లు రెండూ ఇప్పుడే దించి ఒక పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి. రిస్టోర్ చేసేటప్పుడు ఐట్యూన్స్ ఐపాడ్ సాఫ్ట్‌వేర్‌ని నెట్ నుంచి దించుకుంటుంది, ఆ ఫైలు కాపీ కూడా పక్కన పెట్టుకోండి. పాటల అసలు కాపీలు ల్యాప్‌టాప్‌లో ఒక చోట, బయటి డిస్క్‌లో ఇంకో చోట ఉండాలి. కార్డు ఎప్పుడు పోతుందో చెప్పలేం, క్యాసెట్లు మళ్లీ ఎక్కించాలంటే టేప్ రికార్డర్ కూడా బాగుచేయించాల్సి వస్తుంది.