రిటైరయ్యాక ఉండడానికి ఏ ఊరు? విజయనగరం నుంచి ఇచ్ఛాపురం దాకా చూసి బేరీజు

పెన్షన్ డబ్బుల్లో ప్రశాంతంగా బతకడానికి విశాఖ దాటి ఉత్తరానికి చూసేవాళ్లు ఈ మధ్య బాగా పెరిగారు. విశాఖలో రెండు గదుల వాటాకి ఇచ్చే అద్దెకి ఇక్కడ పెరడున్న ఇల్లే దొరుకుతుంది. పిల్లలు హైదరాబాదుకో, చెన్నైకో, దేశం దాటో వెళ్లిపోయి తాళాలు పడ్డ మంచి ఇళ్లు ప్రతి పట్టణంలోనూ ఉన్నాయి. అయితే ఇళ్ల స్థలం గజం ఎంత అని మొదలుపెట్టి ఊరిని ఎంచుకుంటే దెబ్బతింటాం. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో చౌకగా దొరికే జాగాకి సాధారణంగా ఏదో ఒక కారణం ఉంటుంది: నీళ్లు బాగోవు, లేదా వానకి మునుగుతుంది, లేదా రాత్రి పూట ఆసుపత్రికి చేరలేం. అందుకే ముందు నీళ్లు, తర్వాత ఆసుపత్రి, ఆ తర్వాత రైలు. ధర చివర చూడాలి.

చూడడానికి రావలసినది మే మూడో వారంలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి. సంక్రాంతికి వచ్చి చూస్తే ఏ ఊరైనా నచ్చుతుంది. మేలో ఉక్కపోత ఎంత, కుళాయి ఎన్ని రోజులకొకసారి వస్తోంది, బోరు అడుగంటిందా అన్నవి తెలుస్తాయి. అక్టోబరు తుఫాన్ల నెల. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్ రెండూ అక్టోబరు 12నే తీరం దాటాయి. 2018లో తిత్లీ అక్టోబరు 11న వజ్రపుకొత్తూరు వైపు దాటింది. వాన వెలిసిన మర్నాడు వీధుల్లో నడిస్తే ఏ కాలనీలో నీరు నిలిచిందో కళ్లారా కనిపిస్తుంది. పాత గోడల మీద మోకాలి ఎత్తులో మట్టిచార ఉంటే దాని సంగతి పక్కింటివాళ్లని అడగాలి, ఇల్లు చూపించే బ్రోకరుని కాదు.

మకాం మూడు చోట్ల పెట్టుకుంటే అన్ని ఊళ్లూ చుట్టిరావచ్చు: విజయనగరం, శ్రీకాకుళం, పలాస. మూడు చోట్లా ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గరో, రైల్వే స్టేషన్ దగ్గరో లాడ్జీలు ఉన్నాయి. గది రోడ్డు వైపు కాకుండా వెనక వైపు అడగండి, లారీల హారన్లకి నిద్ర పట్టదు. కరెంటు పోతే జనరేటరు మీద ఏసీ నడుస్తుందా, ఫ్యానూ లైటేనా అన్నది డబ్బు కట్టకముందే తేల్చుకోవాలి. పెళ్లి ముహూర్తాల్లో గదులు దొరకవు. విజయనగరంలో దసరా వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం, శ్రీకాకుళంలో రథసప్తమికి అరసవల్లి రద్దీ. ఆ రోజుల్లో ఇళ్లు చూసే పని పెట్టుకోకండి.

విజయనగరం పట్టణంలోనే ఉండాలనుకుంటే సంగీత కళాశాల, గురజాడ ఇల్లు, కచేరీలు, పుస్తకాలు, గంటన్నరలో విశాఖ, అన్నీ ఉన్నాయి. చిన్న ఊరు కావాలంటే పది కిలోమీటర్ల దూరంలో నెల్లిమర్ల చూడాలి. జనపనార మిల్లు ఊరు, హంగులేమీ లేవు. కానీ మిమ్స్ వైద్య కళాశాల ఆసుపత్రి ఊళ్లోనే ఉంది, మెయిన్ లైన్ మీద స్టేషన్ ఉంది, చంపావతి నది పక్కనే. షుగరు, బీపీలతో నెలకోసారి డాక్టరుని చూడవలసినవాళ్లకి ఇంతకంటే సౌకర్యమైన చిన్న ఊరు ఈ జిల్లాలో లేదు. పెద్ద ఎక్స్‌ప్రెస్‌లకి మాత్రం విజయనగరం వెళ్లాలి. చీపురుపల్లి, గరివిడి వైపు మాంగనీసు గనులు, ఫెర్రో అల్లాయిస్ పరిశ్రమ ఉన్న నేల. ఆయాసం, ఉబ్బసం ఉన్నవాళ్లు అక్కడ ఇల్లు చూసేముందు కిటికీ ఊచల మీద వేలు పెట్టి రాసి దుమ్ము రంగు చూడండి.

భోగాపురం, రణస్థలం హైవే పక్క ప్లాట్లు వృద్ధాప్యానికి పనికొచ్చేవి కావు. విమానాశ్రయం పేరు చెప్పి భోగాపురం చుట్టూ ధరలు ఎక్కడికో పోయాయి. పైడిభీమవరం దగ్గర మందుల ఫ్యాక్టరీలు, కొవ్వాడ దగ్గర అణువిద్యుత్ కేంద్రానికి భూసేకరణ. పెట్టుబడి లెక్క వేరు, పాలవాడూ కూరగాయల బండీ వచ్చే వీధిలో ఉండడం వేరు.

మెయిన్ లైన్ విడిచి రాయపూర్ లైన్ మీద వెళ్తే బొబ్బిలి. కోట, వేణుగోపాలస్వామి గుడి, చెరువులు, దగ్గరలో వీణలు చెక్కే గొల్లపల్లి. పొద్దున్న నడకకి, సాయంత్రం కాలక్షేపానికి ఇంత నిండైన చిన్న పట్టణం ఈ వైపు ఇంకోటి లేదని గట్టిగా చెప్పవచ్చు. లోటు పెద్ద వైద్యం. గుండె, మెదడు లాంటి అత్యవసరాలకి విజయనగరం సుమారు 55 కిలోమీటర్లు. రాజాంలో పెద్ద ప్రైవేటు ఆసుపత్రి ముప్పై కిలోమీటర్ల లోపే ఉంది. అది మీకున్న బీమాని, హెల్త్ కార్డుని తీసుకుంటుందా, ఏయే విభాగాలకి తీసుకుంటుంది అన్నది బిల్లింగ్ కౌంటర్లో స్వయంగా కనుక్కోవాలి. ఆ జవాబు సరిగా వస్తే బొబ్బిలి మంచి ఎంపిక. రాజాంలోనే ఉంటే ఆసుపత్రి చేతికందుతుంది, ఊరికి రైలు లేదు. రైలెక్కాలంటే చీపురుపల్లికో, పొందూరుకో పోవాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినప్పుడు రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరానికి వచ్చింది. పాత దస్తావేజుల్లో జిల్లా పేరు వేరేగా కనబడితే కంగారు పడనక్కర్లేదు.

ఎక్కువమందికి సరిపోయే ఊరు ఆమదాలవలస. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ అంటే ఇదే, శ్రీకాకుళం పట్టణానికి పన్నెండు, పదమూడు కిలోమీటర్లు. విశాఖ–భువనేశ్వర్ వందే భారత్‌తో సహా చాలా బళ్లు ఆగుతాయి. శ్రీకాకుళంలో అందరూ రిమ్స్ అని పిలిచే ప్రభుత్వ పెద్దాసుపత్రి, రాగోలులో జెమ్స్ ఆసుపత్రి అరగంట లోపు దూరం. పట్టణ అద్దెలూ హడావిడీ ఉండవు. చూసుకోవలసినది ఒక్కటే, పట్టాలకి ఏ వైపు ఇల్లు తీసుకుంటున్నాం అన్నది. హౌరా–చెన్నై లైన్ మీద గేటు పడితే ఒక గూడ్సు, వెనకే ఒక ఎక్స్‌ప్రెస్, ఎదురు ఇంకోటి. ఆసుపత్రికి వెళ్లే దారిలో గేటుందా, వంతెనుందా అన్నది రెండు గదులు ఎక్కువా తక్కువా అన్నదానికంటే ముఖ్యం. శ్రీకాకుళం పట్టణంలోనే ఉండాలంటే నాగావళి ఒడ్డున పల్లపు కాలనీలు వదిలి మెరక చూసుకోండి.

నరసన్నపేట బజారు ఊరు. కూరలు, కిరాణా, బంగారం, బట్టలు అన్నీ నడిచి తెచ్చుకోవచ్చు. రైలు లేదు, దగ్గర స్టేషన్ తిలారులో ఆగే బళ్లు తక్కువ. కారున్నవాళ్లు శ్రీకాకుళం వెళ్లిన ప్రతిసారీ మడపాం టోలు దాటాలి కాబట్టి నెలవారీ పాసు సంగతి అడగండి. టెక్కలిలో జిల్లా ఆసుపత్రి ఉంది, కళాశాలలున్నాయి, తేలినీలాపురానికి ఏటా పెలికాన్లు వస్తాయి. మెయిన్ లైన్ రైలుకి నౌపడ పోవాలి. చుట్టూ గ్రానైటు క్వారీలు. ఇల్లు నచ్చితే మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చుని పేలుళ్లు వినబడుతున్నాయా, గోడలకి సన్నని బీటలున్నాయా చూసి మాట్లాడండి.

ఇక పలాస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం. చూపుకి ఇంత అందమైన నేల రెండు జిల్లాల్లో లేదు. కొబ్బరి, జీడి, పనస తోటలు, బారువ సముద్రం, దూరంగా మహేంద్రగిరి. ఇక్కడే ఉద్దానం. దీర్ఘకాలిక మూత్రపిండాల జబ్బు ఇక్కడ దశాబ్దాలుగా ఉంది, దానికి కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. నీటిని అనుమానించినవాళ్లు ఉన్నారు, ఎండలో పనిని అనుమానించినవాళ్లు ఉన్నారు. హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీటిని పైపుల్లో తెచ్చే పథకం, పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. పలాస, సోంపేటల్లో డయాలిసిస్ ఉంది. పుట్టిపెరిగిన ఊరు, బంధువులు ఉన్నారు, రావాలనుంది అనేవాళ్లని వద్దనడం భావ్యం కాదు. అలా వచ్చేవాళ్లు ఆ వీధికి వంశధార నీరు నిజంగా వస్తోందా, రోజూ వస్తోందా అని కుళాయి తిప్పి చూడాలి. వచ్చేముందు మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించుకుని, ఏడాదికోసారి మళ్లీ చేయించుకోవాలి. కీళ్లనొప్పులకి మందుల దుకాణంలో అడిగి డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు మింగే అలవాటు ఏ ఊళ్లోనైనా మూత్రపిండాలకి చేటు, ఇక్కడ మరీ. ఇప్పటికే షుగరు వల్ల కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు పరిశోధన కేంద్రం ఉంది కదా అని ఇక్కడికి మారకుండా శ్రీకాకుళానికో నెల్లిమర్లకో దగ్గరగా ఉండడమే నయం. పలాస పక్కనే ఉన్న కాశీబుగ్గలో జీడి బట్టీల పొగ వచ్చే వీధుల్లో గాలి ఎటు వీస్తోందో పొద్దున్నే వెళ్లి చూడండి.

నీటి పరీక్ష ఏ ఊళ్లోనైనా చేయించాలి. ముందు కళ్లతో చూసేవి: స్నానాల గది కుళాయి మూతికి తెల్లటి పెచ్చు కట్టిందా, బకెట్ అంచున గరుకుగా చార ఉందా, సబ్బు నురగ వస్తోందా. ఆ ఇంటి నీళ్లతో కందిపప్పు ఉడకడానికి ఎన్ని విజిళ్లు పడుతోందని వంటింట్లో అడిగితే నీటి కాఠిన్యం గురించి చాలా వరకు తెలిసిపోతుంది. తర్వాత శుభ్రమైన రెండు లీటర్ల సీసాని అదే నీటితో మూడుసార్లు కడిగి, బోరు అయిదు నిమిషాలు నడిచాక పట్టి, మూత గట్టిగా బిగించి, అదే రోజు జిల్లా కేంద్రంలో గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలకి ఇవ్వాలి. సూక్ష్మజీవుల పరీక్షకి సీసా వేరు, దాన్ని వాళ్ల దగ్గరే అడిగి తీసుకోవాలి. భారత ప్రమాణాల ప్రకారం లీటరుకి కరిగిన లవణాలు 500 మిల్లీగ్రాముల లోపు, కాఠిన్యం 200 లోపు, ఫ్లోరైడు 1 లోపు ఉంటే మంచిది. వేరే నీరు లేనప్పుడు వరుసగా 2000, 600, 1.5 దాకా ఒప్పుకుంటారు. నైట్రేటు మాత్రం 45 దాటకూడదు, దానికి సడలింపు లేదు. నైట్రేటు దాటిందంటే తరచుగా సెప్టిక్ ట్యాంకు బోరుకి మరీ దగ్గరగా ఉందని అర్థం, అలాంటి ఇల్లు వదిలేయండి. లవణాలు కాస్త ఎక్కువైతే ఆర్వో యంత్రంతో సరిపెట్టుకోవచ్చు. మే నెల నీటి ఫలితం, వానల తర్వాత ఫలితం రెండూ ఉంటేనే లెక్క.

ఆసుపత్రి పరీక్ష పగలు చేస్తే ఉపయోగం లేదు. రాత్రి పదకొండు తర్వాత నచ్చిన ఇంటి ముందు నుంచి ఆటోలోనో కారులోనో బయల్దేరి క్యాజువాలిటీ గుమ్మం దాకా వెళ్లి టైము చూసుకోవాలి. ఆ వేళప్పుడు వీధిలో ఆటో దొరికిందా అన్నదే సగం జవాబు. అక్కడ అడగాల్సినవి: సీటీ స్కాన్ రాత్రి నడుస్తుందా, యాంజియోప్లాస్టీ చేసే క్యాథ్ ల్యాబు ఉందా, కార్డియాలజిస్టు ఊళ్లో ఉంటారా, పిలిస్తే విశాఖ నుంచి రావాలా. పక్షవాతానికి రక్తపు గడ్డ కరిగించే ఇంజక్షన్ మొదటి నాలుగున్నర గంటల్లోనే ఇవ్వాలి. లక్షణాలు గుర్తించడానికి, బండి రావడానికి, స్కాన్‌కి పోయే సమయం తీసేస్తే దారికి గంట కంటే ఎక్కువ మిగలదని అనుకోండి. హెల్త్ కార్డున్న రాష్ట్ర ప్రభుత్వ పెన్షనర్లు నెట్‌వర్క్ ఆసుపత్రుల జాబితా చూసుకోవాలి. సీజీహెచ్ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం) వాళ్లకి విశాఖే దిక్కు, కాబట్టి వాళ్లు విజయనగరం దాటి పోకపోవడం మంచిది.

తుఫాను మాట. తిత్లీకి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమై రోజుల తరబడి కరెంటు లేదు. స్లాబు ఇల్లే తీసుకోండి, రేకుల షెడ్డు పై వాటా వద్దు. ప్లాస్టిక్ ట్యాంకు ఖాళీగా ఉంటే గాలికి లేచిపోతుంది, హెచ్చరిక రాగానే నిండా నింపి తాడుతో కట్టాలి. ఇంటి మీద పడేంత దగ్గరలో కొబ్బరిచెట్టు ఉందేమో చూసుకోండి. ఇన్వర్టరుకి 150 యాంపియర్-అవర్ బ్యాటరీ ఒకటి ఉంటే వాడుకోగలిగేది దాదాపు 1,150 వాట్-అవర్లు. మామూలు ఫ్యాన్లు రెండు, రెండు ఎల్ఈడీ బల్బులు కలిపి 170 వాట్లు, అంటే ఆరేడు గంటలు. 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెడితే అదే బ్యాటరీ పద్నాలుగు గంటలు వస్తుంది. ఈ ఇన్వర్టరు మీద బోరు మోటారు తిరగదు కాబట్టి దగ్గరలో చేతిపంపో బావో ఉన్న వీధి మేలు. ఇన్సులిన్ వాడేవాళ్లు కొత్త కుండలో తడి ఇసక పోసి, మందుని కవరులో కట్టి అందులో పెట్టుకోవచ్చు.

ఇల్లు కొనకండి, ఏడాది అద్దెకి ఉండండి. కింద వాటా, గుమ్మానికి మెట్లు రెండుకి మించకూడదు, స్నానాల గదిలో గోడకి పట్టుకునే కడ్డీ బిగించుకోవడానికి యజమాని ఒప్పుకోవాలి. ఈ ఊళ్లలో అద్దె తక్కువే, కానీ ప్లంబరు, ఎలక్ట్రీషియను పిలిచిన రోజు రారు. పనిచేతనైన కుర్రాళ్లు వలసపోయారు. ఇంటి యజమాని ఎవరిని పిలుస్తారో ఆ ఫోన్ నంబరు చేరిన రోజే తీసుకోవాలి. వంటమనిషి, పనిమనిషి దొరకడం విశాఖ కంటే తేలిక, వరికోతల్లో తప్ప.

ఏడాది తర్వాత కొనాలనిపిస్తే ముప్పై ఏళ్ల ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి, లింకు దస్తావేజులన్నీ చూడండి, సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో కనుక్కోండి. డి-పట్టా (ప్రభుత్వం పేదలకిచ్చిన భూమి), చెరువు గర్భం, గెడ్డ (వాగు) పోరంబోకు అయితే ఎంత చౌకైనా వద్దు. లేఅవుటుకి పంచాయతీ తీర్మానం ఒక్కటే చూపిస్తే చాలదు, ఊరిని బట్టి సుడా, బుడా లేదా వీఎంఆర్‌డీఏ (శ్రీకాకుళం, బొబ్బిలి, విశాఖ పట్టణాభివృద్ధి సంస్థలు) ఇచ్చిన ఎల్పీ (లేఅవుటు అనుమతి) నంబరు ఉండాలి, లేకపోతే ప్లాను రాదు, బ్యాంకు అప్పు రాదు. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం లాంటి ఏజెన్సీ మండలాల్లో కొండగాలికి ముచ్చటపడినా, గిరిజనేతరులు అక్కడ స్థలం కొనడానికి 1/70 చట్టం ఒప్పుకోదు. బినామీ పేరు మీద రాయిస్తామనేవాళ్ల మాట వినకండి, ఆ డబ్బు తిరిగి రాదు.