డబ్బులు కట్టే యాంటీవైరస్ తీసేసి ఆరేళ్లు, మా ఇంటి అనుభవం

మాది గుంటూరు బ్రాడీపేట. ఇంట్లో నాన్నగారి డెస్క్‌టాప్ ఒకటి, పిల్లల లాప్‌టాప్ ఒకటి. 2019 దాకా ఏటా డబ్బులు కట్టి ఓ యాంటీవైరస్ వాడాం, పేరెందుకులెండి, అది పెట్టాక నాన్నగారు పొద్దున్నే స్విచ్ వేసి కాఫీ తాగొచ్చినా స్క్రీన్ మీద చక్రం తిరుగుతూనే ఉండేది, పైగా రెన్యువల్ వద్దన్నా కార్డులోంచి డబ్బులు కట్ అయ్యాయి. ఆ రోజే తీసేశా. తీసేయగానే విండోస్‌తో పాటే వచ్చే డిఫెండర్ అనే యాంటీవైరస్ దానంతటదే ఆన్ అయింది, వేరే యాంటీవైరస్ ఉన్నంతకాలం అది పక్కకి తప్పుకుని ఉంటుందన్నమాట. అప్పట్నుంచీ అదే, ఇంట్లో వాడకానికి చాలు అని ఇప్పుడు ధైర్యంగా చెప్తున్నా.

అసలు గొడవంతా బ్రౌజర్‌లోనే అండి. ఓసారి నాన్నగారు కంగారుగా ఫోన్ చేశారు, "ఒరేయ్, కంప్యూటర్‌లో అయిదు వైరస్‌లు ఉన్నాయంట, కింద నంబర్ ఇచ్చాడు, చెయ్యనా?" అని. ఏం ముట్టుకోకండి నాన్నగారూ అని ఇంటికెళ్లి చూస్తే వైరస్సూ లేదు పాడూ లేదు, ఏదో పంచాంగం సైట్‌లో నోటిఫికేషన్స్‌కి అలవ్ నొక్కారు, వాళ్లు రోజూ ఆ బొమ్మలు పంపుతున్నారు. సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్‌కెళ్లి ఆ సైట్ తీసేసి, అసలు ఏ సైటూ అడక్కుండా బంద్ చేశా. మీ ఇంట్లో పెద్దవాళ్ల సిస్టమ్‌లో ముందు ఇది చూడండి.

తర్వాత ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ పెట్టి అందులో యాడ్స్ ఆపే యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ వేశా. వెతికితే అలాంటి పేర్లతోనే ఇంకొన్ని కనపడతాయి, తయారుచేసింది రేమండ్ హిల్ అని ఉన్నదే వేసుకోండి. క్రోమ్‌లో 2025 నుంచి అది పనిచేయట్లేదు, లైట్ అని చిన్న వెర్షన్ ఉంది, ఏమీ లేనిదానికంటే నయం. దొంగ డౌన్‌లోడ్ బటన్లు చాలామటుకు యాడ్సే కాబట్టి అవి కనపడకపోతే నొక్కడమే ఉండదు.

పిల్లలకి సిస్టమ్‌లో అన్నీ మార్చగలిగే అడ్మిన్ అకౌంట్ ఇవ్వలేదు, స్టాండర్డ్ అకౌంట్ ఇచ్చా. డబ్బులు కట్టకుండా గేమ్ ఆడించే క్రాక్ అని మావాడు ఏదో దించాడు, రన్ చేయబోతే పాస్‌వర్డ్ అడిగింది, నా దగ్గరకొచ్చాడు, అక్కడే ఆగిపోయింది. క్రాక్‌లూ యాక్టివేటర్లూ "యాంటీవైరస్ ఆఫ్ చేసి ఇన్‌స్టాల్ చెయ్" అంటాయి చూడండి, ఆ మాట దగ్గరే డిలీట్ చేసేయాలి. లాప్‌టాప్‌లో డీఎన్ఎస్ (సైట్ పేరు కొడితే దాని అడ్రస్ వెతికిచ్చే సర్వీస్) కూడా 1.1.1.3 పెట్టా, వైరస్ సైట్లు, పిల్లలు చూడకూడనివి రెండూ ఆపుతుంది, ఫ్రీయే.

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది. నాన్నగారి సిస్టమ్ పాతది, 11 ఎక్కదు. డిఫెండర్‌కి అప్‌డేట్స్ 2028 దాకా వస్తాయి కదా అని ఊరుకుంటే కుదరదు, విండోస్‌లో పడ్డ కన్నం పూడ్చేది విండోస్ ప్యాచే (రిపేరు అప్‌డేట్), అందుకే ఆ ప్యాచ్‌లు ఇంకో ఏడాది ఇచ్చే మైక్రోసాఫ్ట్ పొడిగింపులో చేర్చా.

ఒక్కటి మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ ఆపలేదు. మా కింది వాటా ఆయనకి బ్యాంకు నుంచి అని ఫోన్ చేసి, స్క్రీన్ చూసే యాప్ ఆయన చేతే వేయించారు. అది మామూలు యాప్, వైరస్ కాదు, డిఫెండర్ ఎందుకు పట్టుకుంటుంది? నిమిషాల్లో డబ్బులు పోయాయి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని మర్నాటిదాకా ఆయనకి తెలీదు. అది విన్న రోజే ఆ నంబర్ పెద్ద అక్షరాలతో రాసి నాన్నగారి మానిటర్ కింద అంటించా.