ఏ స్పానిష్ మాట వాడాలో తేలనప్పుడు: ఆర్‌ఏఈ డిక్షనరీ మీద నా రివ్యూ

హైదరాబాద్‌లో స్పానిష్ నేర్చుకుంటున్న వాళ్లకీ, హైటెక్ సిటీ వైపు స్పానిష్ ప్రాసెస్‌లలో పనిచేసే వాళ్లకీ నేను గట్టిగా చెప్పేది ఒకటుంది. ఫోన్‌లో ఉన్న ఇంగ్లిష్–స్పానిష్ డిక్షనరీని తీసేయకండి, కానీ దానితోనే ఆగిపోకండి. ఒక ఇంగ్లిష్ నౌన్ కొడితే వరసగా నాలుగు స్పానిష్ మాటలు వచ్చి పడతాయి, అన్నీ ఒకేలా కనిపిస్తాయి, ఏది పెడితే మన వాక్యం సరిగ్గా ఉంటుందో తెలీక టెన్షన్ మొదలవుతుంది. అప్పుడు తెరవాల్సింది రియల్ అకాదేమియా ఎస్పన్యోలా (ఆర్‌ఏఈ), అంటే స్పానిష్ భాషా అకాడమీ వాళ్ల డిక్షనరీ. దాని పేరు దిక్సియోనారియో దె లా లెంగ్వా ఎస్పన్యోలా, పొట్టిగా అందరూ డీఎల్‌ఈ అంటారు. నెట్‌లో ఉచితం, లాగిన్ అక్కర్లేదు, డబ్బు కట్టక్కర్లేదు.

ఈ అకాడమీ 1713లో మాడ్రిడ్‌లో మొదలైంది. ఇప్పుడు నెట్‌లో ఉన్నది 2014లో వచ్చిన 23వ ముద్రణ, దాన్నే అప్పుడప్పుడు అప్‌డేట్ చేస్తూ వస్తున్నారు. ఆ ముద్రణలో 93,111 పదాలకు 1,95,439 అర్థాలు ఇచ్చారు. సగటున ఒక్కో మాటకు రెండు అర్థాలన్న మాట. మనకు కావాల్సింది సరిగ్గా ఆ విడదీయడమే.

ఇంగ్లిష్ 'కార్నర్' తీసుకోండి. స్పానిష్‌లో దీనికి ఎస్కీనా ఉంది, రింకోన్ ఉంది. తెలుగులో రెండిటికీ మూల అనేస్తాం కాబట్టి మనకు ఈ తేడా సొంతంగా తట్టదు. డీఎల్‌ఈలో రింకోన్ చూస్తే, రెండు గోడలు కలిసేచోట లోపలి వైపు ఏర్పడే కోణం అని ఉంటుంది. ఎస్కీనా చూస్తే అదే కలయిక బయటి వైపు నుంచి, ముఖ్యంగా భవనాల గోడల విషయంలో అని ఉంటుంది. ఆ రెండు నిర్వచనాలు పక్కపక్కన పెట్టి చదివితే ఇక జన్మలో మర్చిపోం. మన ఊళ్లో పాత ఇరానీ కేఫ్‌లు చాలావరకు వీధి మూల మీదే ఉంటాయి కదా, ఆ కేఫ్ ఉన్నది ఎస్కీనాలో. లోపలికెళ్లి, ఎవరూ కదిలించకుండా గంటసేపు చాయ్ తాగడానికి రెండు గోడలు కలిసే మూలన ఎంచుకునే టేబుల్ ఉండేది రింకోన్‌లో. అదే టేబుల్ మూల మోకాలికి తగిలిందనుకోండి, అది మళ్లీ ఎస్కీనా, ఎందుకంటే బయటికి పొడుచుకొచ్చింది. రెండు భాషల డిక్షనరీ ఇచ్చే ఒక్క మాట జవాబులో ఇదంతా రాదు.

గోడ సంగతీ అంతే. ఇంగ్లిష్‌లో అన్నీ 'వాల్' అయినా, మనం ఇంటి గోడ, ప్రహరీ గోడ, కోట గోడ అని ముందు ఒక మాట చేర్చి తేడా చెప్తాం. స్పానిష్‌లో ఒక్కోదానికి ఒక్కో పేరు. క్యాలెండర్ తగిలించేది పరెద్. ఖాళీ స్థలం చుట్టూ కట్టే ప్రహరీకి తాపియా సరిపోతుంది, మూరో అన్నా తప్పు లేదు. ఊరినో కోటనో శత్రువు నుంచి కాపాడేది మురాయా. అందుకే చైనా గోడ వాళ్లకు మురాయా అయింది, బెర్లిన్ గోడ మాత్రం మూరో. గోల్కొండ గురించి స్పానిష్ టూరిస్టులకు చెప్పే గైడ్ ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి ఆ కోట చుట్టూ ఉన్నదాన్ని పరెద్ అనకండి. అంత పెద్ద రాతికట్టడం వాళ్ల చెవికి పడకగది గోడలా వినిపిస్తుంది.

ఇక ఆఫీసు పని. కస్టమర్ మెయిల్స్‌కి జవాబు రాసేవాళ్లకు 'ఆర్డర్' అనే మాట రోజూ తగులుతుంది. ఓర్దెన్ అనే మాట ఇంగ్లిష్‌కి దగ్గరగా ఉందని చెయ్యి అటే పోతుంది. డీఎల్‌ఈ తెరిస్తే, పుంలింగంలో ఓర్దెన్ అంటే క్రమం, స్త్రీలింగంలో ఆజ్ఞ అని వేరువేరుగా కనిపిస్తాయి. అమ్మేవాడికి ఇచ్చే ఆర్డర్ పెదీదో. ఆన్‌లైన్ కొనుగోలు గురించి రాస్తున్నప్పుడు పెదీదో ఎక్కడైనా నడుస్తుంది. మెక్సికోలో టాకోలు తినడానికి కూర్చుంటే మాత్రం ఒక ఓర్దెన్ టాకోలు అనే అంటారు, అది అక్కడి వాడుక. 'బిల్' ఇంకా గమ్మత్తు. హోటల్లో తిన్నాక అడిగేది క్వెంతా, కంపెనీ ఇచ్చే ఇన్‌వాయిస్ ఫక్తూరా, కరెంటు బిల్లును చాలామంది రెసీబో అంటారు, పార్లమెంటులో పెట్టే బిల్లు ప్రొయెక్తో దె లెయ్. వీటిని చాలావరకు ఒకదాని చోట ఒకటి పెట్టలేం.

తిండి మాటల్లో నాకు బాగా ఉపయోగపడింది మిరప. పిమ్యెంతా అంటే మిరియాలు, చివర ఒక్క అచ్చు మారి పిమ్యెంతో అయితే మిరప జాతి కాయ, స్పెయిన్‌లో మామూలుగా మన క్యాప్సికం లాంటిది. మరి మిర్చీ కా సాలన్‌లో వేసే కారం మిర్చికి ఏం రాయాలి? చదివేది స్పెయిన్ వాళ్లయితే గిందీయా, మెక్సికో వాళ్లయితే చీలే, పెరూ వాళ్లయితే అహీ. చీలే మెక్సికో మూలవాసుల నాహువాత్ల్ భాష నుంచి, అహీ కరీబియన్ మూలవాసుల తైనో భాష నుంచి వచ్చాయని డీఎల్‌ఈలోనే ఉంటుంది. ఏ మాట ఏ దేశంలో వాడతారో పొట్టి గుర్తులతో చెప్తారు, కంప్యూటర్‌కి వాడే ఓర్దెనదోర్ పక్కన అది స్పెయిన్ మాట అని గుర్తు ఉంటుంది. మీ కస్టమర్లు ఎక్కువమంది లాటిన్ అమెరికా వాళ్లయితే ఈ గుర్తులు చూడకుండా మాట ఎంచుకోవద్దు. అర్థం అవుతుంది, కానీ వాళ్లకు పరాయిగా వినిపిస్తుంది.

2023 చివర్లో వచ్చిన అప్‌డేట్‌లో పర్యాయపదాలు, వ్యతిరేకపదాలు కూడా చేర్చారు. ఇది నిజంగా పెద్ద మార్పు. ఆ జాబితా మీద 'సినోనిమోస్ ఓ అఫీనెస్' అని రాస్తారు, అంటే పర్యాయపదాలు లేదా దగ్గరి పదాలు. ఆ 'దగ్గరి' అన్నదాన్ని సీరియస్‌గా తీసుకోండి. నా పద్ధతి ఇది: ముందు ఇంగ్లిష్ డిక్షనరీలో వచ్చిన మాటలన్నీ ఒక కాగితం మీద రాస్తాను, ఒక్కోటీ డీఎల్‌ఈలో తెరిచి మొదటి రెండు మూడు అర్థాలు చదువుతాను, నా వాక్యంలోని వస్తువుకో సందర్భానికో సరిపోనివి కొట్టేస్తాను. సాధారణంగా ఒకటే మిగులుతుంది. రెండు మిగిలితే అదే అకాడమీ వాళ్ల కోర్పెస్‌లో వెతుకుతాను, అది 2001 నుంచి వచ్చిన స్పానిష్ రాతల భండారం. అందులో దాదాపు 70 శాతం లాటిన్ అమెరికా రాతలే కాబట్టి ఎవరు ఎక్కడ ఏ మాట వాడుతున్నారో నేరుగా కనిపిస్తుంది. అదీ ఉచితమే.

లోపాలు ఉన్నాయి. ఇంగ్లిష్ ఒక్క ముక్క ఉండదు, అంతా స్పానిష్‌లోనే, కాబట్టి ఏ1 స్థాయిలో, అంటే ఇప్పుడే మొదలుపెట్టిన దశలో ఉన్నవాళ్లకు నిర్వచనం చదవడమే ఒక పని అవుతుంది. ఉదాహరణ వాక్యాలు తక్కువ, చాలా అర్థాలకు అసలే ఉండవు. కొన్నిచోట్ల ఒక మాటకు అర్థంగా ఇంకో మాట ఇచ్చి ఊరుకుంటారు, అప్పుడు దాన్ని మళ్లీ నొక్కాలి. పాతబడిపోయిన అర్థాలు కూడా వరసలో ఉంటాయి, వాటి పక్కన ఉండే 'దెసుస్' అనే గుర్తు చూసి వదిలేయడం అలవాటు చేసుకోవాలి.

ఇవన్నీ కలిపినా నేను ఐదుకు నాలుగున్నర ఇస్తాను. తార్నాకలో ఇఫ్లూకి (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ) వెళ్లి చదివేవాళ్లయినా, ఇంట్లో కూర్చుని సొంతంగా నేర్చుకునేవాళ్లయినా బీ1 అనే మధ్యస్థాయి దాటగానే దీన్ని మొదలుపెట్టొచ్చు. అమీర్‌పేట్ వైపు కోచింగుల్లో చేతికిచ్చే రెండు కాలమ్‌ల వర్డ్ లిస్టుల జిరాక్సు మీ దగ్గర ఉంటే, పారేయక్కర్లేదు, కుడివైపు ఒక ఖాళీ కాలమ్ గీసుకుని, డీఎల్‌ఈ చూసి ఆ మాట ఎప్పుడు వాడాలో, ఏ దేశంలో వాడాలో అందులో రాసుకోండి.